ఆఖరి బోటు వెళ్ళిపోయాక వెదురు గుడిసెలో ఒక రాత్రి

ప్రశ్న: మాది హైదరాబాద్. సంక్రాంతి సెలవులకి రాజమండ్రిలో మా ఆడపడుచు గారింటికి వెళ్తున్నాం. అక్కడినుంచి పాపికొండలకి వెళ్ళి, ఒక రాత్రి గోదావరి ఒడ్డున వెదురు గుడిసెల్లో ఉందామని మావారు పట్టుబట్టారు. బాబుకి పదేళ్ళు, పాపకి ఆరు. వాళ్ళు అప్పుడే బ్యాగులు సర్దేసుకున్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్ళు. షుగరుకి ఇన్సులిన్ వేసుకుంటారు, మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి. బాత్‌రూములు గుడిసెకి దూరంగా ఉంటాయట, రాత్రి కొంతసేపే జనరేటర్ వేస్తారట. పాములు, దోమలు సరేసరి. 2019లో బోటు మునిగినప్పుడు టీవీలో చూసినవి ఇంకా కళ్ళ ముందే ఉన్నాయి. ‘నువ్వు ప్రతిదానికీ భయపడతావు’ అంటారు మావారు. నిజంగా నాది అనవసర భయమేనా? వెళ్ళొచ్చు అంటే ఏమేం చూసుకోవాలో చెప్పండి.

సమాధానం:

అమ్మా, మీ భయం అనవసరమైంది కాదు. అలాగని ప్రయాణం మానుకోవాల్సినంతదీ కాదు. బోటు, బాత్‌రూము, కరెంటు, పాములు, దోమలు, అత్తగారి ఇన్సులిన్ అంటూ మీరు అన్నీ విడివిడిగా రాశారు గానీ, వీటన్నిటి వెనకా ఉన్న సంగతి ఒక్కటే. అక్కడ రాకపోకలన్నీ నది మీదే. సాయంత్రం టూరిస్టు బోటు మిమ్మల్ని రేవులో దింపి వెళ్ళిపోయాక, మర్నాడు మళ్ళీ బోటు వచ్చేదాకా మీ దగ్గర ఏముంటే అదే. మాత్ర కావాలన్నా, టార్చికి సెల్లు కావాలన్నా వీధి చివర కొట్టు ఉండదు. చాలాచోట్ల ఫోను పలకదు. అందుకని ప్రతి విషయాన్నీ ‘ఆఖరి బోటు వెళ్ళిపోయాక ఇది కావాల్సొస్తే ఎలా?’ అని అడిగి చూడండి. జవాబు దొరికినవాటికి భయపడక్కర్లేదు. దొరకనివాటికి ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఏర్పాటు కుదరకపోతే ఆ రాత్రి అక్కడ ఉండకూడదు.

ముందు బోటు సంగతి మాట్లాడుకుందాం, మీ గుండెల్లో ఉన్నది అదే కాబట్టి.

2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. 77 మంది ఎక్కితే 26 మందే బయటపడ్డారు. మునిగిన బోటుని ఒడ్డుకి చేర్చేసరికి అక్టోబర్ 22 వచ్చింది. ఆ ఇళ్ళ వాళ్ళు పడిన బాధ గోదావరి జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు, మర్చిపోకూడదు కూడా. అయితే అప్పటి గోదావరి వేరు, మీరు వెళ్ళే జనవరి గోదావరి వేరు. అది వరద రోజు. నదిలో దాదాపు 5 లక్షల క్యూసెక్కుల నీరు దిగుతోంది. పాపికొండల దగ్గర రెండు వైపులా కొండలు దగ్గరికి జరిగి నది సన్నబడుతుంది. అంత నీరూ ఆ ఇరుకులోంచి పోవాలి కాబట్టి వేగం పెరుగుతుంది, లోతు చోట్ల సుడులు తిరుగుతుంది. ఏటా జూలై నుంచి సెప్టెంబర్ దాకా, ఒక్కో ఏడు అక్టోబర్ దాకా కూడా, ఇదే పరిస్థితి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 2022 జూలైలో అది 71 అడుగులు దాటింది. వానాకాలంలో ఎవరు ఎంత తక్కువకి తీసుకెళ్తామన్నా వెళ్ళొద్దనే చెబుతాను. జనవరిలో మాత్రం నది తగ్గి నింపాదిగా ఉంటుంది. సంక్రాంతికి వెళ్ళాలనుకోవడం మంచి ఎంపికే.

నది నింపాదిగా ఉందని మనం నిర్లక్ష్యంగా ఉండే వీలు లేదు. కచ్చులూరు ప్రమాదం తర్వాత రేవుల దగ్గర బోటింగ్ కంట్రోల్ రూములు పెట్టారు. ఎక్కేవాళ్ళ పేర్లు రాసుకుని, తనిఖీ చేసి, అనుమతి ఇచ్చాకే బోటు కదలాలి. మీ పేర్లు, పిల్లల పేర్లు ఆ జాబితాలో ఉన్నాయో లేదో మీరే అడిగి చూసుకోండి. ‘చిన్నపిల్లలకి రాయక్కర్లేదండీ’ అంటే ఒప్పుకోకండి. లైఫ్ జాకెట్ పాపకి పాప సైజుదే కావాలి. పెద్దవాళ్ళ జాకెట్ ఆరేళ్ళ పిల్లకి తొడిగితే నీళ్ళలో పడగానే తల మీదుగా పైకి జారిపోతుంది. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే ఆ సైజు పనికిరాదు. పిల్లల సైజులు బోటులో ఉన్నాయా అని బుక్ చేసేటప్పుడే అడగండి, లేకపోతే రాజమండ్రిలోనో హైదరాబాద్‌లోనో కొని తీసుకెళ్ళండి. కచ్చులూరు ప్రమాదం మధ్యాహ్నం పూట జరిగింది. భోజనాల వేళ ఉక్కగా ఉందని అందరూ జాకెట్లు విప్పి కుర్చీ కింద పడేస్తుంటారు. మీరు మీ ఇంటివాళ్ళెవరినీ విప్పనివ్వకండి. కొండల మధ్యకి రాగానే ‘అదిగో పాపికొండలు’ అని మైకులో చెబుతారు, జనమంతా ఫొటోలకని ఒక పక్కకి ఎగబడతారు. ఆ నిమిషంలో మీరు కూర్చున్నచోటే కూర్చోండి. కొండలు ఎక్కడికీ పోవు, బాగా చూడనిస్తాయి.

రాజమండ్రి వైపునుంచి బోట్లు గండిపోచమ్మ రేవులో బయల్దేరతాయి. భద్రాచలం వైపునుంచైతే పోచవరం. గుడిసెలు ఎక్కువగా కొల్లూరు చుట్టుపక్కల, అంటే పోచవరానికి దగ్గరగా ఉంటాయి. ఇక్కడ ఒక మాట. దిగువన పోలవరం ప్రాజెక్టు కోసం నదికి అడ్డంగా కాఫర్ డ్యామ్ (తాత్కాలిక గట్టు) కట్టాక నీళ్ళు వెనక్కి నిలుస్తున్నాయి. గండిపోచమ్మ గుడే వరద రోజుల్లో నీళ్ళలో ఉండిపోతోంది. దానివల్ల పాత ఫొటోల్లో మీరు చూసిన విశాలమైన ఇసుక తిన్నె ఇప్పుడు అదే చోట, అదే వెడల్పున ఉండకపోవచ్చు. గుడిసెలు వేసే చోటూ మారుతుంటుంది. బుకింగ్ ఆయన పంపిన అందమైన ఫొటోలు చూసి అడ్వాన్స్ కట్టకండి. ఈ వారం తీసిన వీడియో పంపమనండి. అందులో మూడు చూడండి: రేవు నుంచి గుడిసె దాకా నడక ఎంత, గుడిసె నుంచి బాత్‌రూము దాకా నడక ఎంత, నీటి అంచు నుంచి గుడిసె ఎంత ఎత్తులో ఉంది.

ఆ తర్వాత ఆయన్ని ఒక ప్రశ్న అడగండి. నా దృష్టిలో ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే: ‘రాత్రి మీ రేవులో ఇంజిను పడవ కట్టేసి ఉంటుందా? నడిపే సరంగు అక్కడే పడుకుంటాడా?’ గుడిసె ఎలా ఉందన్నది దీని తర్వాతే. అర్ధరాత్రి మీ అత్తగారికి ఒంట్లో బాగాలేకపోయినా, పిల్లవాడికి ఏదైనా కుట్టినా మిమ్మల్ని రోడ్డున్న రేవుకి చేర్చేది ఆ పడవే. 108 అంబులెన్సు వచ్చేది రోడ్డు దాకానే. ఫోను పలకని చోట 108కి కబురు ఎలా వెళ్తుందో, ఏ రేవుకి వెళ్తే రోడ్డు దొరుకుతుందో, అక్కడినుంచి భద్రాచలం ఏరియా ఆసుపత్రి దగ్గరా, మరొకటి దగ్గరా అన్నది కూడా ఆయన నోటితోనే చెప్పించుకోండి. ఏళ్ళ తరబడి గుడిసెలు నడిపేవాళ్ళకి ఇవన్నీ కంఠతా వస్తాయి, తడుముకోరు. ‘అలాంటివేం జరగవండీ, మీరేం కంగారుపడకండి’ అన్నారంటే వాళ్ళ దగ్గర జవాబు లేదని అర్థం. అప్పుడు మీవారికి ఫోనిచ్చి ఆయన్నే అడగమనండి. ప్రశ్న మీది కాబట్టి అది భయంలా వినిపిస్తోంది. ఆ జవాబు ఆయన స్వయంగా వింటే విషయం ఆయనకే అర్థమవుతుంది.

ఇక మీ అత్తగారు. ఉత్తరమంతా చదివాను, ఆవిడ ఏమన్నారో మాత్రం ఎక్కడా లేదు. మీవారు వెళ్దామంటున్నారు, మీరు వద్దంటున్నారు. ఆవిడని అడగండి. గోదావరి మీద పాపికొండల దాకా వెళ్ళి, దారిలో పేరంటాలపల్లి ఆశ్రమంలో శివుణ్ణి చూసి రావాలని ఆవిడకి ఎన్నాళ్ళ నుంచో కోరిక ఉండొచ్చు. లేదా ‘నాకెందుకే, నేను అమ్మాయి దగ్గర రెండు రోజులుంటాను, మీరు వెళ్ళిరండి’ అనొచ్చు. కూతురింట్లో ఒక రాత్రి ఉండటం ఆవిడకి శిక్షేం కాదు. కానీ ఆ మాట ఆవిడ నోటినుంచే రావాలి. మనమే తేల్చేసి చెబితే పెద్దవాళ్ళు పైకి సరేనన్నా లోపల నొచ్చుకుంటారు.

వస్తానంటే మోకాళ్ళకి అసలు పరీక్ష బోటు ఎక్కే దిగే చోటే. చాలా రేవుల్లో ఒడ్డుకీ బోటుకీ మధ్య ఒక చెక్కబల్ల వేస్తారు. పట్టుకోవడానికి ఒక వెదురుగడ అడ్డం పెట్టి ఇద్దరు కుర్రాళ్ళు చెరో చివరా నిలబడతారు. బల్ల తడిసి ఉంటుంది, మనిషి బరువుకి మధ్యలో ఊగుతుంది. దాని తర్వాత ఒడ్డెక్కే దారి మెత్తటి ఇసుకలో. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మెట్లకన్నా ఈ ఇసుక నడకే ఎక్కువ బాధ. చేతికర్ర తప్పకుండా తెమ్మనండి. జనం తొక్కిసలాట అయ్యాక, చివర్లో నింపాదిగా దించమని సరంగుకి ముందే చెప్పండి. వాళ్ళు పెద్దవాళ్ళని చెయ్యి పట్టుకుని చాలా జాగ్రత్తగా దింపుతారు, అడగడానికి మొహమాటపడకండి. బాత్‌రూములో కమోడ్ ఉందా అన్నది అన్నిటికన్నా ముందు కనుక్కోండి. లేకపోతే ఆవిడ కూర్చుని లేవలేరు. ఆ ఇబ్బంది భయంతో మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు తాగడం మానేస్తారు, అది షుగరున్నవాళ్ళకి ఇంకా చెడుపు. మడిచి పెట్టుకునే కమోడ్ కుర్చీలు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి, బోటులో తీసుకెళ్ళడం పెద్ద కష్టమేం కాదు.

ఇన్సులిన్‌కి ఫ్రిజ్ లేదని బెంగపడక్కర్లేదు. వాడకం మొదలుపెట్టిన సీసా గానీ పెన్ను గానీ మామూలుగా నాలుగు వారాల దాకా బయట ఉంచొచ్చు, ఎండ తగలకూడదు, వేడి 30 డిగ్రీలు దాటకూడదు. ఆవిడ వాడే మందుకి ఎన్ని రోజులో దాని పెట్టెలో కాగితం మీద రాసి ఉంటుంది, చూడండి. జనవరిలో గుడిసెలో వేడి బాధ ఉండదు. అసలు జాగ్రత్త వేరే ఉంది: బోటులో ఐస్ పెట్టె కనబడగానే అందులో పడెయ్యకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేయదు. బట్టలో చుట్టి మీ చేతి సంచిలోనే ఉంచుకోండి. సూదులు, షుగర్ చూసే మిషన్, స్ట్రిప్పులు కూడా అందులోనే. ఇంకో సెట్టు మీవారి సంచిలో.

భోజనం వేళలు అక్కడ మన చేతిలో ఉండవు. ఎనిమిదింటికి అన్నం అంటారు, తొమ్మిదిన్నర అవుతుంది. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ అయితే ‘వడ్డిస్తున్నాం, రండి’ అని కేక వినబడగానే వేసుకోవద్దు, కంచం ముందుకి వచ్చాకే వేసుకోమనండి. లేకపోతే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమకగా మాట్లాడటం కనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటాగి మళ్ళీ పరీక్ష చేయాలి. పంచదార పొట్లం దిండు పక్కనే పెట్టుకుని పడుకోండి, చీకట్లో బ్యాగు వెతుక్కునే పని ఉండకూడదు. పగలు బోటులో ఎక్కి దిగి, ఇసుకలో నడిచి అలసిన రోజు కాబట్టి రాత్రి షుగర్ తగ్గే అవకాశం ఎక్కువ. బయల్దేరేముందు డాక్టరు గారిని ఈ సంగతి అడిగి డోసు కనుక్కోండి. సాయంత్రం చలిమంట వేస్తారు. ఎన్నాళ్ళ నుంచో షుగరున్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, వెచ్చగా ఉందని కాళ్ళు మంటకి దగ్గరగా పెడితే బొబ్బ లేచేదాకా తెలియదు. చెప్పులు, మేజోళ్ళు వేయించి కొంచెం ఎడంగా కూర్చోబెట్టండి.

పిల్లల విషయానికొస్తే, నేను పాములకన్నా నీటి అంచుకే ఎక్కువ భయపడతాను. మీరు రాసిన జాబితాలో అది లేకపోవడం చూసి ఇది వివరంగా రాస్తున్నాను. బోటులో అందరూ జాగ్రత్తగానే ఉంటారు. దిగాక ఇసుక కనబడుతుంది, పిల్లలు పరిగెత్తుతారు, పెద్దవాళ్ళు సామాన్లు చూసుకుంటుంటారు. గోదావరి తిన్నె సముద్రపు ఒడ్డులా నెమ్మదిగా లోతుకి దిగదు. నీళ్ళు కోసిన చోట తిన్నె అంచు లోపల గోడలా నిలువుగా ఉంటుంది. పైనుంచి చూస్తే మోకాలి లోతే. ఇంకొక్క అడుగు వేస్తే కాలి కింద ఇసుక జారిపోయి మెడ దాకా మునుగుతారు. ఈత వచ్చినవాళ్ళే తికమకపడతారు. ప్రశాంతంగా కనబడే నీళ్ళలో కూడా అడుగున లాగుడు ఉంటుంది.

అందుకని దిగగానే సరంగుని గానీ గుడిసెల కుర్రాణ్ణి గానీ పిలిచి, స్నానానికి దిగే చోటు ఏదో, ఎక్కడిదాకా వెళ్ళొచ్చో వెదురుగడ దించి చూపించమనండి. ఆ చోటు దాటి మీవారు కూడా వెళ్ళకూడదు. తండ్రి వెళ్తే పదేళ్ళ మగపిల్లాడు ఆగడు. పాప నీళ్ళలో ఉన్నంతసేపూ ఒకరి చెయ్యి ఆమె చేతిలో ఉండాలి. ఒడ్డున ఒక మనిషి పిల్లల్ని చూడటం తప్ప ఇంకో పని లేకుండా నిలబడాలి. ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు, ఫొటోలు ఇంకొకరు తీస్తారు. ఇందరం ఉన్నాం కదా, ఎవరో ఒకరు చూస్తున్నార్లే అని అందరూ అనుకున్న వేళే ప్రమాదం జరుగుతుంది. పొద్దుగూకాక నీళ్ళ వైపు అసలు వెళ్ళనివ్వకండి. గుడిసె తలుపు గడియ పైన పెట్టి ఉందా, పాప అందుకుని తీయగలదా చూడండి. తెల్లవారుజామున పిల్లలు మనకన్నా ముందు లేస్తారు.

పాముల గురించి కొంచెం. వెదురు తడికల గోడకి సందులు ఉంటాయి, ఎంత బాగా కట్టినా ఉంటాయి. గుడిసెలో తినుబండారాలు విడిచి పెడితే ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. పిల్లల చిప్స్ పొట్లాలు, అరటిపళ్ళు మూతబిగువు డబ్బాలో పెట్టండి. నేలమీద పరుపు వేస్తామంటే వద్దనండి, మంచం కావాలనండి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోతున్నవాళ్ళని కరుస్తుంది. దాని కాటుకి నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కిందకి చుట్టూరా దోపితే ఇటు దోమలకీ అటు పాముకీ అడ్డం. దోమతెర వాళ్ళదగ్గర చిరిగింది ఉండొచ్చు, మీ ఇంటిది పట్టుకెళ్ళండి. మనిషికో టార్చి ఉండాలి. ఫోను లైటుని నమ్ముకోవద్దు, ఛార్జింగ్ పెట్టే జనరేటర్ ఎప్పుడు ఆపేస్తారో తెలియదు. మంచం దిగేముందు నేల మీద లైటు వేసి, చెప్పులు దులిపి తొడుక్కుని బయటికి వెళ్ళాలి. బాత్‌రూముకి ఒంటరిగా ఎవరూ వెళ్ళొద్దు. తెల్లవారాక ఎవరికైనా కారణం లేకుండా కడుపునొప్పి వచ్చి, కనురెప్పలు వాలిపోతూ, మింగడం కష్టమైతే గాటు కనబడకపోయినా పాము కాటే అనుకుని బయల్దేరండి. గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయకూడదు. ఆ మనిషిని నడిపించకుండా, కదలనివ్వకుండా పడవెక్కించి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. అందుకే ఆ పడవ ప్రశ్న అంత గట్టిగా అడగమన్నాను.

దోమల విషయం తేలిగ్గా తీసుకోవద్దు, అది మలేరియా ఉన్న ఏజెన్సీ. సాయంత్రం నుంచే పిల్లలకి పొడుగు చేతుల చొక్కాలు, ప్యాంట్లు వేయండి, ఒంటికి రాసే క్రీము వాడండి. దోమల చక్రం మాత్రం గుడిసె లోపల వెలిగించకండి. వెదురు, ఆకులు, గడ్డి, అన్నీ అంటుకునేవే. కొవ్వొత్తి కూడా వద్దు. హైదరాబాద్ తిరిగొచ్చాక నెల లోపు ఎవరికి జ్వరం వచ్చినా మామూలు జ్వరమేలే అని మాత్ర వేసి ఊరుకోకుండా, డాక్టరుకి ‘ఏజెన్సీలో ఒక రాత్రి పడుకున్నాం’ అని చెప్పి రక్తపరీక్ష చేయించండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే నగరంలో డాక్టరుకి మలేరియా అనుమానం రాక రోజులు గడిచిపోతాయి.

చలి బాగా ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో నది మీది గాలి తడికల్లోంచి నేరుగా లోపలికి వస్తుంది. వాళ్ళిచ్చే దుప్పటి చాలదు. స్వెట్టర్లు, చెవులకి టోపీలు, ఒక్కొక్కరికి ఇంకో దుప్పటి. తాగే నీళ్ళ క్యానులు రాజమండ్రి నుంచే.

ఇన్ని జాగ్రత్తలు చదివాక ‘ఇంత కష్టపడి ఎందుకు వెళ్ళాలి’ అని మీకు అనిపించొచ్చు. మాది గోదావరి పక్క ఊరే, నేనూ ఆ గుడిసెల్లో పడుకున్నాను, అందుకే వెళ్ళమంటున్నాను. జనరేటర్ ఆపేశాక మొదటి పది నిమిషాలు ఏమీ కనబడదు. తర్వాత కళ్ళు అలవాటుపడి కొండల అంచులు తెలుస్తాయి, ఆ పైన హైదరాబాద్‌లో మీ పిల్లలు ఎన్నడూ చూడనన్ని చుక్కలు. తడిక మీద గాలి గరగరమంటుంది, రేవులో కట్టిన నావ నీటి తాకిడికి టకటకలాడుతుంది. పొద్దున్నే నది మీద మంచు లేస్తుంది. అవతలి ఒడ్డు ఉండదు, ముందు నావ మీద తెడ్డు చప్పుడు వినబడి, ఆ తర్వాత వల వేసుకుంటున్న మనిషి కనబడతాడు. పదేళ్ళ పిల్లాడికి ఇది జన్మంతా గుర్తుంటుంది. మీవారి పట్టుదల వెనక ఉన్నది కూడా ఇదే అయి ఉంటుంది.

పిల్లలకి ఇంకో విషయం కూడా చెప్పండి. బోటులోంచి దారిపొడుగునా ఖాళీ ఇళ్ళు, మొండి గోడలు కనబడతాయి. అవి పోలవరం కోసం లేచిపోయిన ఊళ్ళు. తరతరాలుగా గోదావరి గట్టున బతికిన కొండరెడ్లు, కోయవాళ్ళు ఎందరో పునరావాస కాలనీలకి వెళ్ళిపోయారు. ఇంకా అక్కడే ఉన్నవాళ్ళలో కొందరు పేరంటాలపల్లిలో వెదురుతో చేసిన బొమ్మలు, బుట్టలు అమ్ముతారు. బేరమాడకుండా కొనండి. అడగకుండా వాళ్ళ ఫొటోలు తీయకండి. రాత్రి పక్క గుడిసెవాళ్ళు పెద్ద సౌండ్ బాక్స్ పెట్టి పాటలు మొదలెడితే, చుట్టూ ఉన్నది 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన అడవి అని, గుడిసెల్లో ముసలివాళ్ళు, పిల్లలు ఉన్నారని మర్యాదగా చెప్పండి. ఎక్కువమంది వింటారు. బుక్ చేసేటప్పుడే ‘రాత్రి డీజే ఉంటుందా’ అని అడగడం ఇంకా మంచిది. మందు పార్టీల బృందాలకి ఇచ్చే గుడిసెలు కుటుంబాలకి పనికిరావు.

పడవ ప్రశ్నకి, కమోడ్ ప్రశ్నకి సరైన జవాబులు రాకపోతే ఇంకో దారి ఉంది. రాజమండ్రి నుంచి పగటి బోటులో పాపికొండలు చూసి సాయంత్రానికి తిరిగొచ్చేయండి, మీ అత్తగారు కూడా రావచ్చు. మర్నాడు కారులో మారేడుమిల్లి వెళ్ళండి. సుమారు 85 కిలోమీటర్లు, దారిలో రంపచోడవరంలో ఆసుపత్రి ఉంది. మారేడుమిల్లి చుట్టుపక్కల అటవీశాఖ వాళ్ళు, గిరిజనులు కలిసి నడిపే బసలు ఉన్నాయి, వాగు పక్కన అడవిలో ఉండొచ్చు. కారు బస దాకా వెళ్తుంది కాబట్టి అర్ధరాత్రి అవసరమైతే బయల్దేరడానికి పడవ అక్కర్లేదు. బొంగు చికెన్ అక్కడే తినాలి, నూనె లేకుండా వండుతారు కాబట్టి మీ అత్తగారూ తినొచ్చు. వాగుల్లో రాళ్ళు పాచిపట్టి జారతాయి, నీటి అంచు గురించి పైన రాసిందంతా అక్కడా వర్తిస్తుంది. సంక్రాంతికి ఈ బసలు ముందే నిండిపోతాయి. గుడిసెల ఆయనకి ఇవాళే ఫోన్ చేసి ఆ ప్రశ్నలు అడిగేయండి, జవాబు నచ్చకపోతే మారేడుమిల్లిలో గది దొరికే వ్యవధి ఉంటుంది.